తొలి నెలసరికి ముందే: ఆడపిల్లలకు శుభ్రత పాఠం చెప్పే విధానం

అనంతపురం జిల్లా పల్లెల్లో నెలసరి గురించి బడిలో చెప్పే సమయానికి చాలామంది పిల్లలు అప్పటికే పెద్దమనుషులై, ఇంట్లో గుసగుసగా విన్నదాన్నే నిజమని నమ్మి, సిగ్గునూ భయాన్నీ అలవాటు చేసుకుని ఉంటారు. తొలి నెలసరి సాధారణంగా పది నుంచి పదిహేనేళ్ల మధ్య ఎప్పుడైనా రావచ్చు కాబట్టి, ఈ పాఠాన్ని ఆరో తరగతిలోనే మొదలుపెట్టాలి. రక్తం కనబడిన రోజున తనకేదో పెద్ద జబ్బు చేసిందని వణికిపోయే పిల్ల మీ బడిలో ఒక్కతె కూడా ఉండకూడదు.

పదిహేను, ఇరవై మందికి మించకుండా కూర్చోబెట్టి, ఉపాధ్యాయినితో పాటు ఆ ఊరి ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో పిలిపించుకుంటే మంచిది, ఎందుకంటే రేపు సందేహం వస్తే పిల్ల వెళ్లి అడగగలిగేది ఆ అక్కనే. గర్భాశయం బొమ్మను బోర్డు మీద గీసి, ప్రతినెలా దాని లోపలి పొర మందంగా తయారవుతుందనీ, గర్భం రానప్పుడు ఆ పొరే రక్తంతో కలిసి బయటికి వస్తుందనీ వివరించాలి. అది చెడు రక్తం కాదని గట్టిగా చెప్పండి. నెలసరి రెండు నుంచి ఏడు రోజులు ఉంటుందనీ, మొదటి ఒకటి రెండేళ్లలో 21 నుంచి 45 రోజుల తేడాతో వచ్చినా కంగారుపడనక్కర్లేదనీ తెలిస్తే పిల్లలకు సగం బెంగ తీరుతుంది.

ఆ తరువాత మాటలు తగ్గించి వస్తువులు చేతికివ్వాలి. ఒక ప్యాడ్‌ను విప్పించి, లోదుస్తుకు అతికించి చూపించి, దాని మీద రంగునీళ్లు పోసి, అది ఎంత పీల్చుకుంటుందో పిల్లలనే చూడనివ్వాలి. తక్కువగా తడిసినా నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చుకోవాలని, మార్చే ముందూ తరువాతా సబ్బుతో చేతులు కడుక్కోవాలని చెప్పాలి. జననాంగాన్ని మంచినీళ్లతో ముందునుంచి వెనక్కి కడుక్కుంటే చాలు, లోపల సబ్బు వాడకూడదు.

గుడ్డ వాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి, వాటిని చిన్నచూపు చూడకండి. శుభ్రంగా ఉతికి ఆరబెట్టిన నూలుగుడ్డతో ఏ ప్రమాదమూ లేదు. చిక్కంతా ఆరబెట్టడంలోనే ఉంది. ఎవరికంటా పడకూడదని తడిగుడ్డను స్నానాల గది మూలలోనో, దండెం మీద మరో చీర కిందనో దాచిపెడితే, గాలీ వెలుతురూ తగలక, చెమ్మ ఆరక, మర్నాడు దాన్నే వాడుకున్నప్పుడు దురద, పుండ్లు, ఇన్‌ఫెక్షన్లు మొదలవుతాయి. ముందు చన్నీళ్లలో నానబెట్టాలి, వేడినీళ్లు పోస్తే మరక అంటుకుపోతుంది. సబ్బుతో రుద్ది, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, మిద్దె మీద నేరుగా ఎండ తగిలేలా వేయాలి. మన జిల్లాలో వానలకు కరువేమో గానీ ఎండకు కరువు లేదు. బోర్లు ఎండి ట్యాంకరు కోసం ఎదురుచూసే వేసవిలో మాత్రం, ఆ నాలుగైదు రోజులు ఆడపిల్లకు ఒక బకెట్ నీళ్లు అదనంగా పక్కన పెట్టాలని తల్లికి చెప్పడం కూడా ఈ పాఠంలో భాగమే.

2021 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన స్వేచ్ఛ పథకం ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి నుంచి ఇంటర్ వరకు చదివే అమ్మాయిలకు నెలకు పది ప్యాడ్లు ఇచ్చేందుకు రూపొందింది. ఆరో తరగతిలోనే పెద్దమనిషయ్యే పిల్ల ఆ లెక్కలోకి రాదు కాబట్టి, ప్రధానోపాధ్యాయుడిని అడగవలసిన అవసరం లేకుండా ఉపాధ్యాయిని బీరువాలో కొన్ని ప్యాడ్లు, ఒక జత లోదుస్తులు ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలి. వాడిన ప్యాడ్‌ను కాగితంలో చుట్టి మూతబుట్టలో వేయాలే తప్ప మరుగుదొడ్డిలోనో చెరువుగట్టునో పారేయకూడదు, అందులోని ప్లాస్టిక్ మట్టిలో కలిసేది కాదు. మూతబుట్ట, లోపలి గొళ్లెం, నీళ్లు లేని మరుగుదొడ్డి ఉన్న బడిలో ఎంత బాగా పాఠం చెప్పినా పిల్ల ఆ రోజులకు ఇంట్లోనే ఉండిపోతుంది.

తిండి విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు. రాగి సంగటి, ఆకుకూర, వేరుశనగ, నువ్వుల ఉండలు మన ఇళ్లలోనివే. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను అన్నం తిన్నాక మింగాలి, దాంతో టీ తాగకూడదు.

తల్లులనూ అవ్వలనూ వేరుగా పిలిచి కూర్చోబెట్టండి. మూల కూర్చోబెట్టడాన్ని ఎగతాళి చేస్తే వారు మళ్లీ రారు. “అమ్మా, పిల్లకు విశ్రాంతి ఇవ్వండి, కానీ స్నానం మాన్పించకండి, చలిలో బయట పడుకోబెట్టకండి, బడి మాన్పించకండి” అని మర్యాదగా, కారణం చెప్పి అడిగితే వినేవారే ఎక్కువ. ఊరగాయ ముట్టుకుంటే పాడవుతుందన్న మాటకు ఆధారం లేదని కూడా అప్పుడే చెప్పవచ్చు.

పిల్లలందరికీ క్యాలెండరు కాగితం ఇచ్చి నెలసరి తేదీలు గుర్తుపెట్టించండి. గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోతున్నా, ఏడు రోజులు దాటినా, నొప్పితో లేవలేకపోతున్నా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా, పదిహేనేళ్లు నిండినా తొలి నెలసరి రాకపోయినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించాలి. ఒంటరిగా పంపకుండా ఆశా కార్యకర్తను తోడిచ్చి, డాక్టరు అడిగే మొదటి ప్రశ్న తేదీల గురించే కాబట్టి ఆ కాగితాన్ని చేతికిచ్చి పంపండి.