తీగ వాద్యాలు వినడం, 4వ పాఠం: తారస్థాయిలో పలికేదల్లా వయొలిన్ కాదు

పోయిన పాఠంలో స్వరకర్త బొకెరీని రాసిన E మేజర్ క్వింటెట్ (ఓపస్ 11, నంబర్ 5) నుంచి మినుయెట్ అనే నాట్య భాగం ఇచ్చి, రెండో వయొలిన్‌ని పట్టుకోమన్నాను. ఈ క్వింటెట్‌లో ఐదు వాద్యాలు: రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త దిగువ పలికే ఒక వయోలా, ఇంకా దిగువ పలికే రెండు పెద్ద చెల్లోలు. చాలామంది దాన్ని వయోలా అని రాశారు. పాట వరస కింద ఆగకుండా పరిగెత్తే చిన్న స్వరాలు వయోలావి కావడానికి వీల్లేదు. ఆ భాగంలో వయోలా, చెల్లోలు రెండూ కమాను పక్కనపెట్టి వేలితో మీటుతున్నాయి. కమాను నడుస్తున్నది రెండు వయొలిన్ల మీదే, వాటికీ శబ్దాన్ని తగ్గించే మ్యూట్ తగిలించి ఉంది. పాట మొదటిదైతే పరుగు రెండోది. ఎవరు వాయిస్తున్నారో తెలియనప్పుడు ఎవరు వాయించలేరో ముందు తేల్చుకోండి, పని సగం అయిపోతుంది.

ఇంకొందరు అసలు విన్నదే వేరు. ఈ మినుయెట్ ఒక్కటే ప్రసిద్ధం కావడంతో స్ట్రింగ్ ఆర్కెస్ట్రా రూపాలు లెక్కలేనన్ని ఉన్నాయి. క్వింటెట్‌లోని మిగతా మూడు భాగాలు తలుచుకునేవాళ్లు తక్కువ. ఒక వరసను పదిమంది కలిసి వాయిస్తే స్వరం అంచు మసకబారుతుంది, ఒక్కరైతే కమాను గీత మొదలైన చోటు స్పష్టంగా తెలుస్తుంది. వెతికేటప్పుడు ‘జి 275’ అని కొట్టండి. అది ఈవ్ జెరార్ తయారుచేసిన బొకెరీని రచనల పట్టికలోని సంఖ్య. రచనలకిచ్చే ఓపస్ నంబర్లను నమ్ముకోవద్దు, ఇదే క్వింటెట్ పాత రికార్డుల మీద ఓపస్ 13గా కనిపిస్తుంది. జి 445 నుంచి 453 దాకా గిటార్ క్వింటెట్లు, వాటి జోలికి ఇప్పుడు పోకండి.

ఇక అసలు చిరాకు. ‘చెల్లోకి పాటే రాలేదు, అంతా వయొలినే’ అన్న మాట. స్థాయిని బట్టి వాద్యాన్ని గుర్తుపట్టడం ఇక్కడ పనికిరాదు. వయొలిన్ అడుగు తీగ 196 హెర్ట్జ్, చెల్లో పై తీగ 220. అంటే వయొలిన్ మొదలయ్యే చోటు దాటాకే చెల్లో పై తీగ మొదలవుతోంది! ఆ తీగ మీద చెల్లో వాద్యకారుడు ఎడమ బొటనవేలిని కూడా ఫింగర్‌బోర్డు మీదికి తెచ్చి బాగా పైకి వెళ్లగలడు. వయొలిన్ పై తీగ (E) వేలు పెట్టకుండా పలికే స్వరం 659 హెర్ట్జ్. అదే స్వరం చెల్లో పై తీగ మీద కావాలంటే సుమారు 69 సెంటీమీటర్ల తీగలో బ్రిడ్జి (తీగల్ని మోసే చెక్క) వైపు మూడో వంతే, 23 సెంటీమీటర్లే, మోగాలి. వయొలిన్‌లో సుమారు 32 సెంటీమీటర్ల సన్నని తీగ తేలిగ్గా మోగుతుంది; చెల్లోలో పొట్టిగా మిగిలిన లావు తీగ బిగుతుగా, కాస్త ముక్కుతో పాడినట్టు పలుకుతుంది. మీరు వెతకాల్సింది ఆ బిగువును.

బొకెరీని స్వయంగా చెల్లో వాద్యకారుడు. 1770 నుంచి స్పెయిన్ రాజకుమారుడు డాన్ లూయిస్ కొలువులో ఉన్నాడు. అక్కడ ఫాంట్ కుటుంబం వాళ్ల క్వార్టెట్ (నలుగురి బృందం) అప్పటికే ఉంది, అందులో ఒక చెల్లో ఉండనే ఉంది. ఇతను వచ్చి చేరితే రెండయ్యాయి. అడుగు శ్రుతి ఒక చెల్లో చూసుకుంటుంటే రెండోది వయొలిన్ల మధ్యకు ఎక్కిపోవచ్చు. కచేరీలో గాత్రాన్నే పట్టుకునే చెవికి ఇది మొదట్లో కష్టమే.

ఎడమ పక్క, కుడి పక్క లెక్కలు కూడా వదిలేయండి. కొన్ని బృందాల్లో చెల్లో మధ్యలో కూర్చుంటుంది, రెండో వయొలిన్ కుడి చివర ఉంటుంది. ఫోన్ స్పీకర్ అసలు వద్దు. చెల్లో అడుగు తీగ 65 హెర్ట్జ్, ఫోన్‌లో దాని టిక్కు మాత్రమే వినిపిస్తుంది. వైరున్న హెడ్‌ఫోన్లు చాలు. నా ఓటు పాతకాలం పద్ధతిలో జంతువుల పేగుతో చేసిన తీగల రికార్డింగులకే, వాటిలో వాద్యాల గొంతులు బాగా విడివిడిగా ఉంటాయి. అవి అర స్వరం దిగువ శ్రుతిలో ఉండొచ్చు. శ్రుతి యాప్ చూసి ‘తప్పు రికార్డింగ్’ అనుకోకండి.

అభ్యాసం: జి 275 మొదటి భాగం, అమొరోసో. మొదటి నిమిషాన్ని ఐదుసార్లు వినండి, ప్రతిసారీ ఒక్క వాద్యాన్నే, రెండో చెల్లోతో మొదలుపెట్టి పైకి. పాట చేతులు మారిన ప్రతి సెకనూ రాసుకోండి. తర్వాత ఫోన్ సెట్టింగుల్లో మోనో ఆడియో (రెండు చెవులకూ ఒకే ధ్వని) పెట్టి, పాత కాగితం చూడకుండా మళ్లీ రాయండి. రెండు కాగితాలూ కలవని చోట మీరు విన్నది వాద్యాన్ని కాదు, అది కూర్చున్న దిక్కును. ఆ సెకన్లే విడిగా పదేసిసార్లు వినండి. స్వరపత్రం అప్పటిదాకా తెరవొద్దు.

కుదిరితే జి 324 కూడా, మాడ్రిడ్ వీధుల రాత్రి సంగీతం. అందులో గుడ్డి బిచ్చగాళ్ల మినుయెట్‌లో చెల్లోలను ఒళ్లో పెట్టుకుని గోళ్లతో గిటార్‌లా వాయించమని రాశాడు. ‘గిటార్ ఎక్కడిది?’ అని రాయకండి.