కుక్క బిస్కెట్లు ఇంట్లో చేయాలంటే: కాల్చడం తేలిక, ఆరబెట్టడమే అసలు పని

ఇంట్లో చేసిన కుక్క బిస్కెట్లకు నాలుగైదు రోజుల్లోనే బూజు పట్టిందంటే పిండిని అనుమానించకండి. పైన రంగు రాగానే వాటిని ఓవెన్‌లోంచి తీసేసి ఉంటారు, అంతే. ఎప్పుడూ గరిటె పట్టనివాళ్లు కూడా ఇవి చేయగలరు. కాకపోతే ఆఖరి రెండు గంటలు తొందరపడకూడదు.

కావలసినవి: గోధుమపిండి 250 గ్రాములు, పొడి కొట్టిన ఓట్స్ 100 గ్రాములు, గుడ్డు ఒకటి, తొక్క, గింజలు తీసి ఉడికించి మెదిపిన ఎర్ర గుమ్మడికాయ 150 గ్రాములు, పీనట్ బటర్ రెండు టేబుల్ స్పూన్లు. కప్పులతో కొలవకండి, తూకం వేయండి. ఉప్పు, పంచదార, బేకింగ్ పౌడర్, ఏ రకమైన ఎసెన్సూ వద్దు. రుచి మనకి కాదు కదా.

పీనట్ బటర్ డబ్బా వెనక రాసింది చదవకుండా మూత తీయకండి. జైలిటాల్ (పంచదారకు బదులు వాడే ఒక తీపి పదార్థం) అని గానీ, దానికే మరో పేర్లయిన బర్చ్ షుగర్ అని గానీ, ఈ967 (E967) అని గానీ కనిపిస్తే అది కుక్కకు విషం. కొద్దిపాటి మోతాదుకే రక్తంలో చక్కెర అమాంతం పడిపోతుంది, కాలేయం కూడా దెబ్బతినవచ్చు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, జాజికాయ, మకాడమియా గింజలు కూడా ఈ పిండి దరిదాపులకు రాకూడదు. 'చిటికెడే కదా' అని వేసే వెల్లుల్లి పొడి మరీ ప్రమాదం, ఎందుకంటే పచ్చి వెల్లుల్లి కంటే పొడిలో గాఢత ఎక్కువ.

ఓవెన్‌ను 170 డిగ్రీల సెల్సియస్‌కు పెట్టి వేడెక్కనివ్వండి. ఈలోపు అన్నీ కలిపి గట్టి ముద్ద చేయండి. పొడిగా విరిగిపోతుంటే నీళ్లు ఒక్కో చెంచా చొప్పున చల్లండి, జిగురుగా అంటుకుంటే కాస్త పిండి చల్లండి. పది నిమిషాలు మూతపెట్టి ఉంచి, బేకింగ్ పేపర్ మీద అప్పడాల కర్రతో అర సెంటీమీటరు మందాన ఒత్తండి. చాకుతో రెండున్నర సెంటీమీటర్ల చదరాలుగా కోసి, ఒక్కో ముక్కకు ఫోర్క్‌తో అడుగుదాకా రెండు పోట్లు పొడవండి. లోపలి ఆవిరి ఆ రంధ్రాల్లోంచే బయటికి పోతుంది.

ఎముక ఆకారం అచ్చులు కొనకండి. సన్నటి నడుము ఎండిపోయి మాడుతుంటే లావుగా ఉన్న రెండు కొసలూ ఇంకా పచ్చిగానే ఉంటాయి. పైగా మిగిలిన అంచుల్ని మళ్లీ మళ్లీ ముద్ద చేసి ఒత్తాలి, అందువల్ల ప్రతి విడతా మందం మారుతుంది. చదరాలైతే అన్నీ ఒకేసారి ఆరతాయి, పిండి వృథా కాదు. ఫొటోలో అందంగా ఉండటం కుక్కకు అక్కర్లేదు.

ట్రేలో ముక్కకు ముక్కకు మధ్య వేలెడంత సందు వదిలి 25 నిమిషాలు కాల్చండి. సగంలో ఒకసారి తిప్పేయండి. ఇక్కడికి అందరికీ బాగానే వస్తుంది.

చెడిపోయేది ఇక్కడి నుంచే. ఈ దశలో బిస్కెట్ చూడటానికి అయిపోయినట్టే ఉంటుంది, అంచులు లేత గోధుమరంగులోకి వస్తాయి, తట్టి చూస్తే గట్టిగానే తగులుతుంది. కానీ గుమ్మడికాయ, గుడ్డు తెచ్చిన తేమ నడిమధ్యలో అలాగే ఉంటుంది. ఇప్పుడే తీసి డబ్బాలో పోస్తే ఆ తేమ రాత్రికి రాత్రే పైపొరకు చేరుతుంది. పొద్దున్నకల్లా బిస్కెట్లు మెత్తబడతాయి, తర్వాత బూజు. కొన్ని రకాల బూజు విషాలు కుక్కలకు వణుకు, మూర్ఛ తెప్పిస్తాయి. కాబట్టి పైన గోకేసి పెట్టడం అనే మాటే లేదు, డబ్బా మొత్తం పారేయాల్సిందే.

వేడి పెంచితే త్వరగా ఆరుతుందని 200కి తిప్పేవాళ్లు ఎక్కువ. జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం. పైపొర ఒక్కసారిగా బిగుసుకుపోయి లోపలి ఆవిరికి దారి మూసేస్తుంది, పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. మైక్రోవేవ్ కూడా పనికిరాదు. ఒకచోట మాడ్చి పక్కనే తడి వదిలేస్తుంది.

చేయాల్సింది ఇది. వేడిని 100 డిగ్రీలకు తగ్గించి, ముక్కల్ని తీగ జాలీ మీదికి మార్చి గంటన్నర వదిలేయండి. జాలీ ఎందుకంటే ట్రేకి ఆనుకున్న అడుగుభాగం ఆరదు. అరగంటకోసారి తలుపు తెరిచి పేరుకున్న ఆవిరిని బయటికి పోనివ్వండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే గంటంబావుకే చూసుకోండి. ఓవెన్ మీది అంకెను పూర్తిగా నమ్మకూడదు, పది ఇరవై డిగ్రీల తేడా మామూలే. లోపల పెట్టే చిన్న థర్మామీటరు ఉంటే ఈ గొడవ ఉండదు. చివర్లో స్విచ్ కట్టేసి, తలుపు మూసి, పూర్తిగా చల్లారేదాకా లోపలే ఉంచండి.

వేడిగా ఉన్నప్పుడు పరీక్షించకండి. వేడి బిస్కెట్ ఎప్పుడూ కాస్త మెత్తగానే ఉంటుంది, దాన్ని చూసి ఇంకా కాలిస్తే రాయి అయిపోతుంది. చల్లారాక అన్నిటికంటే మందంగా ఉన్న ముక్కను విరవండి. టక్కున విరగాలి. విరిగిన చోట అంచు నుంచి మధ్య దాకా ఒకటే రంగు, పొడిపొడిగా ఉండాలి. నడుమ ముదురు గీత కనిపించినా, వేలితో నొక్కితే దిగినా మళ్లీ 100 దగ్గర అరగంట పెట్టండి. చేత్తో విరగనంత గట్టిగా ఉంటే మాత్రం పెట్టకండి, పళ్లు విరగవచ్చు. ముసలి కుక్కకైతే మంచి బిస్కెట్‌ను కూడా గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి ఇవ్వడమే మేలు.

గోరువెచ్చగా ఉన్నా డబ్బా మూత పెట్టకండి, మూత లోపల నీటి చుక్కలు పడితే ఇంత శ్రమా వృథా. పూర్తిగా ఆరినవి గాలి చొరని డబ్బాలో రెండు వారాలు ఉంటాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే వారానికి సరిపడా బయట ఉంచి మిగతావి ఫ్రీజర్‌లో పెట్టండి.

ఈ కొలతలకు దాదాపు 130 ముక్కలు వస్తాయి, ఒక్కోటి సుమారు 12 కేలరీలు. రోజు మొత్తం కేలరీల్లో చిరుతిండి పదో వంతు దాటకూడదు. పది కిలోల ఆరోగ్యమైన కుక్కకు రోజుకు సుమారు 600 కేలరీలు కావాలనుకుంటే ఐదు ముక్కలు చాలు. మొదటిసారి ఒక్క ముక్కే పెట్టి రెండు రోజులు చూడండి. విరేచనాలు, దురద కనిపిస్తే ఆపేయండి. మధుమేహం, కిడ్నీ లేదా పాంక్రియాస్ జబ్బు ఉన్న కుక్కకైతే పిండి కలపకముందే పశువైద్యుడిని అడగండి.