పనిచేసే చోట లైంగిక వేధింపులు: ఫిర్యాదు ఎవరికి, ఎలా ఇవ్వాలి?

పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా, అది ఐటీ కంపెనీ అయినా బట్టల షాపు అయినా, లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీని యజమాని ఏర్పాటు చేసి తీరాలి. 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఇది తప్పనిసరి. చేయకపోతే 50 వేల రూపాయల దాకా జరిమానా. కమిటీ వివరాలు అందరికీ కనబడే చోట అతికించాలి. అవి కనబడకపోతే హెచ్‌ఆర్‌ని అడగండి, మొహమాటం వద్దు.

పదిమంది కన్నా తక్కువున్న చోట పనిచేసేవారు, ఇళ్లలో పనిచేసేవారు, యజమానే వేధిస్తున్నవారు జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. మండలంలో, మున్సిపాలిటీలో ఈ ఫిర్యాదులు తీసుకునే నోడల్ అధికారికి కూడా ఇవ్వొచ్చు, ఆ అధికారి 7 రోజుల్లో దాన్ని కమిటీకి పంపాలి. కేంద్ర ప్రభుత్వ షీ-బాక్స్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ ఇవ్వొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం గడువు. ఘటన జరిగిన 3 నెలల్లోపు ఫిర్యాదు అందాలి. వేధింపులు పదేపదే జరిగితే చివరి ఘటన నుంచి లెక్క. సరైన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని ఆగకండి. ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్‌తోనే చాలామందికి ఈ గడువు దాటిపోతుంది.

ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు అన్నవి మీ మాటల్లోనే రాయండి. సాక్షుల పేర్లు, చిరునామాలు, ఆధారాలు జతచేసి 6 కాపీలు ఇవ్వాలి. వాట్సాప్ మెసేజ్‌లు ఎంత అసహ్యంగా ఉన్నా డిలీట్ చేయొద్దు. రాయలేని పరిస్థితిలో ఉంటే రాసేందుకు సాయం చేయాల్సింది కమిటీయే. విచారణ జరుగుతుండగా అదే మనిషి కింద పనిచేయడం కష్టమైతే బదిలీ గానీ, 3 నెలల దాకా సెలవు గానీ రాతపూర్వకంగా అడగండి. ఈ సెలవు మీకు మామూలుగా వచ్చే సెలవుల్లోంచి తగ్గదు.

ఫిర్యాదు కాపీని 7 పనిదినాల్లో అవతలి వ్యక్తికి పంపుతారు. అతను 10 పనిదినాల్లో జవాబివ్వాలి. లాయర్లను అనుమతించరు. మీరు అడిగితేనే రాజీ ప్రయత్నం చేయాలి, అదీ డబ్బుతో కుదుర్చుకునే రాజీ కాకూడదు. 'డబ్బు తీసుకుని వదిలెయ్' అని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఆ సంగతి కూడా కమిటీకి రాసివ్వండి. విచారణ 90 రోజుల్లో ముగించి, తర్వాత 10 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. దానిపై యజమాని 60 రోజుల్లో చర్య తీసుకోవాలి. మీరు పోలీసు కేసు కూడా పెట్టాలనుకుంటే అందుకు సాయం చేయడం యజమాని బాధ్యతే.

కమిటీ సిఫార్సులు నచ్చకపోయినా, అవి అమలు కాకపోయినా 90 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.