ఫేజ్‌డ్ ఆరే రాడార్: మాడ్యూళ్లను తిట్టేముందు చూడాల్సినవి

గోపాల్‌పూర్‌లో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ డిష్ తిప్పుకుంటూ వానను చూస్తుంది. అదే తీరంలో వాననీ విమానాలనీ నాలుగు ముఖాల ఆరే (కదలకుండా, చిన్న చిన్న యాంటెన్నాలతో బీమ్‌ను తిప్పే రాడార్) ఒక్కటే చూడాలని బరంపురం, పర్లాకిమిడి వైపు ఎవరైనా డిజైన్‌కు కూర్చుంటే ఎదురయ్యే తంటాలు ఇవి. లెక్కలన్నీ ఎస్-బ్యాండ్, 2.8 గిగాహెర్ట్జ్‌కు. బీమ్ స్టీరింగ్, ద్వంద్వ పోలరైజేషన్ మొదటినుంచీ చెప్పడం లేదు.

వాన ముదిరితే విమానాల ట్రాక్‌లు తెగుతున్నాయి

ఏ దిక్కుకు ఎంతసేపో పంచే షెడ్యూలర్ కోడ్ తెరవకండి, ముందు గుణకారం చేయండి. ముఖానికి 90 డిగ్రీలు, 1 డిగ్రీ బీమ్, దిక్కుకు 50 మిల్లీసెకన్లు. ఒక్క ఎలివేషన్‌కే (పైకెత్తి చూసే కోణానికే) 4.5 సెకన్లు, 14 ఎలివేషన్లకు 63. విమానాశ్రయ రాడార్ మాత్రం 5 సెకన్ల లోపే ఒక చుట్టు పూర్తిచేస్తుంది. కోడ్ ఎంత బాగున్నా లేని సమయాన్ని తేలేదు.

పై ఎలివేషన్లలో ప్రసార బీమ్‌ను నిలువుగా 5 రెట్లు వెడల్పు చేసి, అందులో 5 రిసీవ్ బీమ్‌లు ఒకేసారి తీసుకోండి. 7 డీబీ సున్నితత్వం పోతుంది, తప్పదు. కింది ఎలివేషన్లలో మాత్రం సన్న బీమే ఉంచండి. అక్కడ బీమ్ వెడల్పు చేస్తే సైడ్‌లోబ్‌లను (పక్కలకు కారే శక్తిని) అణిచే భారమంతా రిసీవ్ వైపే పడుతుంది, గోపాల్‌పూర్‌కు నైరుతి వైపున్న 1501 మీటర్ల మహేంద్రగిరి కొండ క్లట్టర్ (అక్కర్లేని ప్రతిధ్వని) వానలా కనిపిస్తుంది. కింది ఎలివేషన్ల డ్వెల్‌ను (ఒక దిక్కుకు కేటాయించిన సమయాన్ని) ముక్కలు చేసి మధ్యలో విమానాల పల్స్‌లు ఇరికించినా ఇదే గతి. క్లట్టర్ ఫిల్టర్‌కు వరుస తెగని పల్స్‌లు కావాలి.

12 కిలోమీటర్ల దగ్గర ఉంగరం

80 మైక్రోసెకన్ల పల్స్ వెళ్తున్నంతసేపూ రిసీవర్ మూసుకునే ఉంటుంది, అదే 12 కిలోమీటర్లు. లోపలి భాగాన్ని విడిగా పంపే 1 మైక్రోసెకను చిన్న పల్స్, అంటే ఫిల్ పల్స్ చూస్తుంది. దాని శక్తి 19 డీబీ తక్కువ కాబట్టి రెండూ కలిసేచోట ఉంగరంలా గీత కనబడుతుంది. ఫిల్ పల్స్‌ను కొంచెం పొడిగించండి, కాలిబ్రేషన్ స్థిరాంకం రెండింటికీ వేరుగా పెట్టండి. అంతే.

ఎదురుగా బాగున్న జెడ్‌డీఆర్ పక్కలకు వెళ్లేకొద్దీ తప్పుతోంది

అసలు దొంగ ఇదే. జెడ్‌డీఆర్ అంటే అడ్డ (హెచ్), నిలువు (వీ) పోలరైజేషన్లలో వచ్చే ప్రతిధ్వనుల బలాల మధ్య తేడా. పెద్ద చినుకుల వానలో జెడ్‌డీఆర్ కిందికి జారితే వాననూ వడగళ్లనూ వేరుచేసే వర్గీకరణ దాన్ని వడగళ్లంటుంది. కావాల్సిన కచ్చితత్వం 0.1 నుంచి 0.2 డీబీ. డిష్‌నైతే నిట్టనిలువుగా పైకెత్తి తిప్పి సున్నా చూసుకోవచ్చు. ఆరే ముఖానికి ఆ సదుపాయం లేదు, పైగా దాని తప్పు దిక్కుదిక్కుకీ మారుతుంది. అయినా బ్రాడ్‌సైడ్‌లో (ముఖానికి నేరుగా ఎదురుగా) ఒకసారి కొలిచి అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ.

రెండు ముఖాలు కలిసే మూలలో పోల్చి సరిపోయిందనడం ఇంకో పొరపాటు. ఒకదానికి +45, పక్కదానికి −45 డిగ్రీలు. జ్యామితి వల్ల వచ్చే తప్పు రెంటికీ ఒకేలా ఉంటే తేడా సున్నాయే వస్తుంది. ఆ పరీక్షలో తేలేది ముఖాల మధ్య హార్డ్‌వేర్ తేడా మాత్రమే.

చేయాల్సింది ఇది. ముసురు వానలో, మంచు కరిగే పొరకు బాగా కింద, 20–22 డీబీజెడ్ (ప్రతిధ్వని బలం) ఉన్న గేట్లను (దూరపు ముక్కలను) మాత్రమే ఏరండి. ఎలివేషన్ ఒకటే ఉండాలి, అదీ 10 డిగ్రీల లోపే. పైకి పోతే జెడ్‌డీఆర్ సహజంగానే తగ్గుతుంది. స్టీరింగ్ కోణం 5 డిగ్రీలకో డబ్బా చొప్పున సగటు గీయండి. గీత 0.2 డీబీ దగ్గర చదునుగా ఉండాలి. అంచుల్లో వంగితే తప్పు వానది కాదు.

కారణాలు రెండు. ఒకటి, క్రాస్-పోల్, అంటే ఒక పోలరైజేషన్ రెండోదానిలోకి కారడం. ముఖ్య తలాలు (ముఖానికి నేరుగా అడ్డం, నిలువు) వదిలి మూలగా తిరిగితే హెచ్, వీ లంబంగా ఉండవు. రెండూ ఒకేసారి ప్రసారం చేస్తే క్రాస్-పోల్ −40 డీబీ కంటే కిందికి ఉండాలి. ఒకదాని తర్వాత ఒకటి పంపితే −20 చుట్టుపక్కల చాలు. కానీ పల్స్‌కు 1 మిల్లీసెకను విరామముంటే, అలా మార్చి పంపడం వల్ల కొలవగల వేగానికున్న 26.8 మీటర్లు/సెకను పరిమితి సగమవుతుంది, తుఫాను గాలులకు అది చాలదు. అందుకని ఒకేసారి పంపుతూ, వీ ఫేజ్‌ను పల్స్ పల్స్‌కీ 180 డిగ్రీలు తిప్పండి. డ్వెల్ పొడవుగా ఉంటే కలుషితంలో ప్రధాన భాగం సగటులో కొట్టుకుపోతుంది.

రెండోది ఇంకా గడుసుది: ఏ కోణానికి ఎంత దిద్దాలో చెప్పే సవరణ పట్టిక సన్న బీమ్‌తో కొలిచింది, వాడుతున్నది వెడల్పు బీమ్‌కు. వెడల్పు ప్రసార బీమ్ అంచుల్లో హెచ్, వీ ఆకారాలు కలవవు. రిసీవ్ బీమ్ కూర్చునేది సరిగ్గా అక్కడే. కాబట్టి ప్రసార సవరణ, రిసీవ్ సవరణ విడివిడిగా కొలిచి, ప్రతి బీమ్ జంటకూ కలపండి. పట్టికకు ఇచ్చే కోణాలు ముఖానికి సంబంధించినవా, భూమికి సంబంధించినవా అన్నది కూడా చూడండి. ముఖం వాలుగా ఉన్నప్పుడు రెండూ ఒకటి కావు.

వాన రాడార్ మీదే పడుతున్నప్పుడు మాత్రం తప్పుతోంది

ముఖం తడిసింది. చదును ముఖం మీద నీళ్లు నిలువు చారలుగా జారి వీ తరంగాన్ని ఎక్కువగా తింటాయి, జెడ్‌డీఆర్ పెరిగినట్టుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వేళ గజపతి జిల్లాలో కురిసినలాంటి వానకు నీరు అంటని పూత వేయాలి, అది అరిగినప్పుడు మళ్లీ వేయాలి. అప్పటిదాకా ఆ ముఖం డేటాకు గుర్తు పెట్టండి.

పక్షులు, గాలిమరలు, సూర్యుడి గీత అరుదు. కనిపించినా చూడగానే తెలుస్తాయి. మాడ్యూళ్లు (ఎలిమెంట్లను, అంటే చిన్న యాంటెన్నాలను నడిపే పరికరాలు) చెడటం సంగతీ అంతే. 2018లో అమెరికాలోని నార్మన్‌లో అమర్చిన ప్రయోగ ఆరేలో 4,864 ఎలిమెంట్లున్నాయి. అంత ఆరేలో చెదురుమదురుగా 5 శాతం పోయినా యాంటెన్నా లాభం (గెయిన్) తగ్గేది సుమారు 0.45 డీబీయే, అదీ హెచ్, వీ రెండింటికీ సమానంగా పోతే జెడ్‌డీఆర్‌లో కనబడదు.