ట్రెక్ ట్రాక్‌ని శుభ్రం చేసి దాచుకోవడం ఎలా?

కొండ దిగి వచ్చాక ఫోన్‌లో ఉన్న ట్రాక్‌ని, అంటే నడిచిన దారిని జీపీఎస్ పాయింట్లుగా రికార్డ్ చేసిన గీతని, చాలామంది అలాగే వదిలేస్తారు, లేదా స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. గీత అందంగా కనిపించాలని దాన్ని నునుపు చేసి, తెగిన చోటల్లా అతికించి, 'ఇదే దారి' అని ఫైలు పంపేవాళ్లతోనే ఇబ్బంది. ఆ గీత చూసుకుంటూ రేపు ఇంకొకరు అడుగులేస్తారు. ఆ మనిషిని దృష్టిలో పెట్టుకునే ఈ పద్ధతి రాస్తున్నాను.

నేను చెప్పేది ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఓస్మాండ్ అనే మ్యాప్ ఆప్ గురించి. వేరే ఆప్ వాడినా బటన్ల పేర్లు మారతాయి తప్ప పద్ధతి ఇదే. ఏ ఆప్ అయినా ట్రాక్‌ని జీపీఎక్స్ (మ్యాప్ ఆప్‌లు తెరవగలిగే ట్రాక్ ఫైలు రకం) ఫైలుగా మీ చేతికి ఇవ్వాలి. ఇవ్వని ఆప్‌లో రికార్డ్ చేయకండి. ఎంత నడిచారో నలుగురికీ చూపించే ఫిట్‌నెస్ ఆప్‌లు దానికి బాగానే ఉంటాయి. దారి దాచుకోవాలంటే మాత్రం ఫైలు మీ దగ్గరే ఉండాలి.

రికార్డింగ్

ప్లగిన్స్‌లో ట్రిప్ రికార్డింగ్ ఆన్ చేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఈ ఆప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయండి. లేకపోతే స్క్రీన్ ఆరిన కాసేపటికి రికార్డింగ్ ఆగిపోవచ్చు. ఆ ప్రాంతం మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. లాగింగ్ ఇంటర్వెల్ (ఎంతసేపటికొక పాయింట్ నమోదు చేయాలో) 5 సెకన్లు. బ్యాటరీ మిగులుతుందని 30 సెకన్లు పెట్టేవాళ్లున్నారు. అంతసేపట్లో కొండ మీద ఒక మలుపు తిరిగేసి ఉంటాం, ఆ మలుపు ట్రాక్‌లో ఉండదు. బ్యాటరీ కావాలంటే ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. జీపీఎస్‌కి సిమ్ సిగ్నల్‌తో పనిలేదు.

పేరు, ఫోల్డర్

ఆప్ తనంతట తాను పెట్టే పేరులో తేదీ, సమయం, వారం ఉంటాయి, ఊరు ఉండదు. అదే రోజు మార్చేయండి. ముందు ఊరు, తర్వాత గమ్యం, తర్వాత ఎక్కడమా దిగడమా, చివర తేదీ: 'అహోబిలం-ఉగ్రస్తంభం-ఎక్కడం-2024-12-08'. ఫోల్డర్లు కొండల పేరు మీద ఉండాలి, సంవత్సరాల పేరు మీద కాదు. నల్లమల దారి వెతికేటప్పుడు ఏ ఏడాది వెళ్లామో ఎవరికి గుర్తుంటుంది? మ్యాప్ మీద గీతకి ఒకటే రంగు, సన్నగా, ఎరుపు. ఎత్తుని బట్టి రంగులు మారే గీత కింద కాంటూర్లు (మ్యాప్‌లో ఎత్తుని చూపే గీతలు) కనపడవు.

ఇక 'అసలు' అని ఒక ఫోల్డర్ పెట్టి, రికార్డయిన ఫైలు కాపీ ఒకటి అందులో వేయండి. దాన్ని ఇంకెప్పుడూ ముట్టుకోకూడదు. ఇంకో కాపీ ఫోన్ బయట, కంప్యూటర్‌లోనో డ్రైవ్‌లోనో ఉండాలి. ఆప్ ఫైళ్లు మామూలుగా దాని సొంత ఫోల్డర్‌లోనే ఉంటాయి కాబట్టి ఆప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ట్రాకులన్నీ దాంతోపాటే పోతాయి.

శుభ్రం చేయడం

ఇక్కడ తొందర పడకండి. ఇంటికొచ్చి, పెద్ద స్క్రీన్ ఉంటే దాని మీద, ట్రాక్ మొత్తాన్ని దగ్గరికి జూమ్ చేసి ఒక చివరి నుంచి ఇంకో చివరికి చూడండి. అందులో నాలుగు రకాల లోపాలు కనిపిస్తాయి. ఒక్కోదానికి మందు వేరు.

మొదటిది బండి ప్రయాణం. రికార్డింగ్ ఆపడం మర్చిపోయి జీపెక్కితే వేగం గ్రాఫ్ ఒక్కసారిగా గంటకు 40 కిలోమీటర్లకి లేస్తుంది. ఆప్‌లోని ప్లాన్ ఎ రూట్‌లో ట్రాక్ తెరిచి, నడక ఆగిన పాయింట్ మీద నొక్కి, ట్రిమ్ ఆఫ్టర్ కొట్టండి. ముందు భాగమైతే ట్రిమ్ బిఫోర్.

రెండోది ముడి. భోజనానికి కూర్చున్న చోట మనం కదలకపోయినా పాయింట్లు పది ఇరవై మీటర్ల మేర అటూ ఇటూ చెదిరి, చిక్కుపడ్డ దారం ఉండలా కనిపిస్తాయి. నడవని దూరం లెక్కలోకి వస్తుంది. మధ్య పాయింట్లు తీసేసి ఒకటి ఉంచితే చాలు.

మూడోది గెంతు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహ స్వామి గుడి వైపు భవనాశి వాగు వెంట వెళ్తే రెండు వైపులా నిలువెత్తు రాతి గోడలు. ఉపగ్రహాల సిగ్నల్ ఆ రాయికి తగిలి తిరిగి ఫోన్‌కి చేరుతుంది. సిగ్నల్ ఆలస్యమైతే ఫోన్ దూరం తప్పుగా లెక్కగడుతుంది. ఒక పాయింట్ వాగులో, తర్వాతిది కొండ అంచు మీద, ఆ తర్వాతిది మళ్లీ వాగులో పడతాయి. వీటికి జీపీఎస్ ఫిల్టర్ ఉంది. అందులో గరిష్ఠ వేగం గంటకు 10 కిలోమీటర్ల దగ్గర పెట్టండి, గెంతులు చాలావరకు పోతాయి. మిగిలినవి చేత్తో తీయండి. అదే తెరలో స్మూతింగ్ (పాయింట్లు తగ్గించి గీతని నునుపు చేయడం) కూడా ఉంటుంది. దాన్ని సున్నా దగ్గరే ఉంచండి.

స్మూతింగ్, సింప్లిఫై, పేరేదైనా సరే, కొండ దారికి పనికిరావు. మైదానంలో రోడ్డుకి పాయింట్లు తగ్గిస్తే నష్టమేమీ లేదు. నిటారు వాలు మీద దారి అటొక మలుపు, ఇటొక మలుపుగా ఎక్కుతుంది. రెండు మలుపుల మధ్య దూరం 15 మీటర్లే ఉండవచ్చు. 20 మీటర్ల తేడాని పట్టించుకోవద్దని ఆప్‌కి చెబితే ఆ మలుపులన్నీ మాయమై వాలు మీదుగా నిటారుగా ఒక గీత మిగులుతుంది. మనం చెమటలు కక్కుతూ చుట్టి వచ్చిన బండరాయి మీదుగానే అది వెళ్తుంది. పొద్దు వాలాక టార్చ్ వెలుగులో ఫోన్ చూసుకుంటూ దిగే మనిషికి అది దారిలాగే కనిపిస్తుంది. ఫైలు సైజు తగ్గించాలనేవాళ్లకి నా జవాబు ఒకటే: రోజంతా నడిచిన ట్రాక్ ఒక మామూలు ఫొటో కంటే పెద్దదేం కాదు.

నాలుగోది ఖాళీ. సిగ్నల్ పోయి చాలాసేపటికి వస్తే ఓస్మాండ్ కొత్త సెగ్మెంట్ (ముక్క) మొదలుపెడుతుంది, మ్యాప్ మీద గీత తెగినట్టు ఉంటుంది. అలాగే ఉంచండి. జాయిన్ గ్యాప్స్ నొక్కితే రెండు చివరల మధ్య సరళరేఖ పడుతుంది. అక్కడ ఎవరూ నడవలేదు. తెగిన గీత చూసిన మనిషి ఆగి చుట్టూ చూస్తాడు, గుర్తులు వెతుక్కుంటాడు. అతికించిన గీత చూసిన మనిషి నేరుగా నడిచేస్తాడు. ఖాళీ మొదలయ్యే చోట ఒక వేపాయింట్ (మ్యాప్ మీద పేరు రాసి పెట్టుకునే గుర్తు) పెట్టి, 'ఇక్కడ సిగ్నల్ లేదు, వాగుకి ఎడమ ఒడ్డునే ఉండాలి' అని మీరు వెళ్లిన దారి రాస్తే చాలు.

ఇదంతా అయ్యాక కాపీగా సేవ్ చేయండి, ఓవర్‌రైట్ వద్దు. సేవ్ చేసిన వెంటనే వేగం గ్రాఫ్ తెరవండి. ఖాళీగా ఉంటే ఎడిటింగ్‌లో పాయింట్ల టైమ్ పోయిందన్నమాట. అప్పుడు 'అసలు' ఫోల్డర్‌లోని ఫైలు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. టైమ్ ఉంటేనే ఏ ఎక్కుడుకి ఎంతసేపు పట్టిందో తెలుస్తుంది, చీకటి పడేలోపు దిగగలమో లేదో లెక్క వేసుకోవచ్చు. జీపీఎక్స్ లోపల టైమ్ యూటీసీలో (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది. ఉదయం 6 గంటలకి బయలుదేరితే ఫైలులో 00:30 అని కనిపిస్తుంది. అది తప్పు కాదు, దిద్దకండి.

ఎత్తు 70, 80 మీటర్లు తక్కువ చూపిస్తోందా? మన వైపు సముద్ర మట్టం, జీపీఎస్ లెక్కకి ఆధారమైన ఊహా గోళం కంటే దాదాపు అంత కిందుగా ఉంటుంది. ఓస్మాండ్‌లో ఎత్తు సవరణ ఫైలు ఒకటి డౌన్‌లోడ్ చేస్తే సరిపోతుంది.

పంపేటప్పుడు

ఇంటి గుమ్మం నుంచి రికార్డింగ్ మొదలుపెట్టి ఉంటే ఆ ముక్క కోసేయండి. నీళ్లు దొరికే చోటు వేపాయింట్‌గా పెట్టి, అది ఏ నెలలో చూశారో రాయండి. డిసెంబరులో పారే వాగు ఏప్రిల్‌లో ఎండిపోయి ఉండొచ్చు. నల్లమల అడవిలోని సలేశ్వరం లాంటి చోట్లకి చైత్ర పౌర్ణమి సమయంలో కొద్ది రోజులే అనుమతి ఉంటుంది. అది పులుల అభయారణ్యం. అలాంటి ట్రాక్‌ని అందరికీ కనిపించేలా పెట్టకండి. తెలిసినవాళ్లకి ఇచ్చినా, ఎప్పుడు అనుమతిస్తారో ట్రాక్ వివరణలో మొదటి వాక్యంగా రాసి ఇవ్వండి.