ఇంట్లో కట్టుకునే విమానానికి రోటరీ ఇంజిన్ – 6వ పాఠం: సీళ్లు, పేర్పు, మొదటి పది గంటలు

పోయిన పాఠంలో రోటర్‌కు రెండు పక్కలా ఉండే సైడ్ హౌసింగుల మీద స్టీల్ రూలు అంచు ఆనించి వంపు కొలవమన్నాను. వంపు 0.04 మి.మీ. దాటినా, అరుగుదల 0.10 మి.మీ. దాటినా ఆ ముక్కను పక్కన పెట్టేయండి. ముచ్చటపడి వాడేద్దాం అనుకోవద్దు.

కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట. మనం కడుతున్నది మాజ్దా 13బీ. పిస్టన్ల బదులు మూడు ముఖాల రోటర్లు రెండు, రోటర్ చుట్టూ ఉండే ఒక్కో గది 654 సీసీ. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల్లోనూ రోటరీ అనే మాట వినిపిస్తుంది, అది వేరు. 1909 నాటి ఫ్రెంచి నోమ్ ఇంజిన్లో సిలిండర్లే ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరిగేవి. దానికి పోసే నూనె మన ఆముదమే. మనది ఫెలిక్స్ వాంకెల్ పేరు మీద ఉన్నది, 1957లో జర్మనీలో మొదటిసారి తిరిగింది.

మొదటి పది గంటల నడక అంటే స్కూటర్ల కాలం నుంచి మనం 'రన్నింగ్-ఇన్' అంటున్న పనే. పిస్టన్ ఇంజిన్లో రింగులు, బోరు ఒకదానికొకటి అలవాటు పడతాయి. రోటరీలో సీళ్లు, హౌసింగు అలవాటు పడతాయి. కాకపోతే రోటరీలో ఆ పని సగం బెంచి మీదే తేలిపోతుంది. సీలు తప్పుగా కూర్చి ఆ తర్వాత ఎంత సుతారంగా నడిపినా కుదురుకోదు.

సైడ్ సీళ్లు

ఒక్కో రోటర్‌కు మూలల అంచున మూడు అపెక్స్ సీళ్లు, ఆ మూలలకు రెండు పక్కలా ఆరు కార్నర్ సీళ్లు, వాటి మధ్య పక్క గాడుల్లో ఆరు సైడ్ సీళ్లు. అపెక్స్ సీలు గురించి అందరూ మాట్లాడతారు, విరిగిందంటే కథ ముగిసినట్టే కాబట్టి. కానీ చేతిపని అంతా సైడ్ సీలు దగ్గరే ఉంది. కొత్త సీలు కాస్త పొడవుగానే వస్తుంది, దాన్ని మనమే సరిచేసుకోవాలి.

రోటర్‌ను మడత పెట్టిన పాత దుప్పటి మీద పడుకోబెట్టండి. కార్నర్ సీళ్లు వాటి గుంటల్లో కూర్చోవాలి. సైడ్ సీలును స్ప్రింగ్ లేకుండా గాడిలో పెట్టి, ఒక కొసను కార్నర్ సీలుకు తాకించండి. రెండో కొస దగ్గర మిగిలిన సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) పెట్టాలి. కావలసింది 0.05 నుంచి 0.15 మి.మీ. సందు లేకపోతే వేడికి సీలు సాగి కార్నర్ సీలును నెడుతుంది, అక్కడే బిగుసుకుపోతుంది. ఎక్కువైతే కంప్రెషన్ ఆ సందులోంచి జారిపోతుంది. నేను 0.05 దగ్గరే ఆపుతాను.

అరగదీయడానికి సన్నపళ్ల ఆకురాయి చాలు. రెండుసార్లు రుద్దడం, తుడవడం, పెట్టి చూడడం. మూడోసారి రుద్దాలనిపించినా ముందు కొలవండి. అరగదీసిన ఇనుము తిరిగి రాదు. కొస కార్నర్ సీలు గుండ్రానికి తగ్గట్టు కోసి ఉంటుంది, ఆ వాలు చెడకూడదు. ఈ పని నాకు నేర్పింది బాలానగర్‌లో ఒక లేత్ మాస్టర్. మొదటిసారి నేను గేజ్‌ను బలవంతంగా దూర్చబోతే నా చేతిమీద కొట్టాడు: "తమ్మీ, నువ్వు దూర్చుతున్నవ్. అది దానంతటదే పోవాలె, బయటికొచ్చేటప్పుడు వేలుకు జర పట్టు తెలవాలె." ఇన్నేళ్ల తర్వాత కూడా సందు సరిపోయిందా లేదా అన్నది అంకె కంటే ముందు నాకు వేలే చెబుతుంది.

సరిపోయిన సీలు మీద దాని గాడి నంబరు రాసి ఉంచండి. ఒక్కోదానికి పావుగంట వేసుకున్నా పన్నెండింటికి మూడు గంటలు. ఆ పూట ఫోన్ ఆపేయండి.

పేర్పు

సీళ్లూ స్ప్రింగులూ గాడిలో నిలబడడానికి వాసెలిన్ వాడతాం. గ్రీజు వద్దు. వాసెలిన్ అయితే మొదటి స్టార్ట్‌లోనే కాలిపోతుంది. హైదరాబాద్ మే నెలలో రేకుల షెడ్డు కింద దీనితో ఒక తంటా ఉంది, మధ్యాహ్నానికి అది నెయ్యిలా కరుగుతుంది. నేను చేసిన తప్పు అదే. పొద్దున మొదలుపెట్టిన పని ఒంటిగంట దాకా సాగదీశాను. వెనక రోటర్ హౌసింగు దించేటప్పుడు నీటి సీలు గాడిలోంచి వెంట్రుకవాసి పైకి లేచింది, నాకు కనబడలేదు. బోల్టులు బిగించాక అది నలిగింది. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక తెల్లటి పొగ, తియ్యటి వాసన, అంటే కూలంట్ లోపలికి కారి కాలుతోందన్నమాట. మొత్తం విప్పి మళ్లీ పేర్చడానికి వారం పట్టింది. అప్పటి నుంచి ఎండాకాలంలో పేర్పు పని తెల్లారుజామునే, ఎనిమిదికల్లా ముగించేస్తాను. హౌసింగు దించే ముందు టార్చి పక్కవాటుగా వేసి సీలు చుట్టూ ఒకసారి చూస్తాను. లేచిన చోట నీడ పడుతుంది.

పొడవాటి టెన్షన్ బోల్టులు మూడు విడతల్లో, మాన్యువల్ చెప్పిన వరసలో బిగించాలి. చివరి బిగింపు 3.2 నుంచి 4.0 కేజీ-మీటర్లు, పానాతో అంచనాగా కాదు, టార్క్ రెంచ్‌తోనే. ప్రతి విడత తర్వాత షాఫ్ట్‌ను చేత్తో తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే ఆపి, విప్పి చూడాల్సిందే.

తర్వాత ఎండ్ ప్లే, అంటే షాఫ్ట్ ముందుకూ వెనక్కూ ఎంత ఆడుతుందో చూడడం. ఫ్లైవీల్ వైపు డయల్ గేజ్ పెట్టి షాఫ్ట్‌ను ముందుకూ వెనక్కూ నెడితే సూది 0.04 నుంచి 0.07 మి.మీ. మధ్య కదలాలి. తేడా ఉంటే స్పేసర్ మార్చుకోవాలి. ఇంజిన్ పడుకుని ఉండగా ముందు బోల్టు వదులు చేసి హబ్ బయటికి లాగారంటే లోపల సూది బేరింగ్ కిందికి జారి, మళ్లీ బిగించినప్పుడు స్పేసర్ కింద నలిగిపోతుంది. అందుకే ఈ పని ఇంజిన్ నిలువుగా, ముందు వైపు పైకి ఉన్నప్పుడే చేయాలి.

ఇప్పుడు ప్లగ్గులు తీసి షాఫ్ట్‌ను చేత్తో తిప్పండి. షాఫ్ట్ మూడు చుట్లు తిరిగితే రోటర్ ఒక చుట్టు తిరుగుతుంది. ప్రతి రోటర్ దగ్గర మూడు 'ఫుస్' శబ్దాలు ఒకే బలంతో రావాలి. ఒకటి నీరసంగా ఉంటే ఆ ముఖం మీది సీళ్లే అనుమానించండి.

మొదటి స్టార్ట్

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి. మన నేల నీటి ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. డిస్టిల్డ్ వాటర్, కూలంట్ కలిపి పోయండి. ఆయిల్ ఫిల్టర్ నింపి పెట్టండి. ప్లగ్గులు లేకుండా, పెట్రోల్ పంపు ఫ్యూజు తీసేసి, పది సెకన్ల చొప్పున స్టార్టర్ తిప్పుతూ ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా ఆగండి. ముల్లు లేవకుండా ప్లగ్గు పెట్టొద్దు.

సీళ్లకు ఆయిల్ అందించే చిన్న మీటరింగ్ పంపు తీసేసి (ప్రధాన ఆయిల్ పంపు కాదు) పెట్రోల్లోనే ఆయిల్ కలిపేవాళ్లు మామూలుగా లీటరుకు 8 మి.లీ. కలుపుతారు. నేను మొదటి పది గంటలు 10 కలుపుతాను. బూడిద మిగల్చని, పడవ ఇంజిన్లకు వాడే టీసీ-డబ్ల్యూ3 రకం 2టీ ఆయిల్ మంచిది.

స్టార్ట్ అయిన రెండు మూడు నిమిషాలు నీలం పొగ వస్తుంది, అది వాసెలిన్, పేర్పు ఆయిల్. టెన్షన్ వద్దు. చెవులకు మాత్రం ఏదో ఒకటి పెట్టుకోండి, రోటరీ అరుపు పిస్టన్ ఇంజిన్ అరుపులా ఉండదు. మాది మోకిల దగ్గర పొలంలో, తోకను చింతచెట్టుకు కట్టేసి నడిపాం. ఎగరడానికి పౌర విమానయాన సంస్థ డీజీసీఏ అనుమతి వేరే సంగతి, ఈ పాఠంలోది అంతా నేల మీది పనే.

కారులో రన్నింగ్-ఇన్ వేరు, ప్రొపెల్లర్ తగిలించి చేసేది వేరు. ప్రొపెల్లర్ అడిగే హెచ్‌పీ ఆర్‌పీఎం ఘనంతో పెరుగుతుంది. వేగం సగమైతే ఇంజిన్ మీద భారం ఎనిమిదో వంతే. కాబట్టి తక్కువ ఆర్‌పీఎంలో గంటల తరబడి తిప్పడం వల్ల సీళ్లకు ఒరిగేదేమీ లేదు, మసి పడుతుంది అంతే. మొదటి గంట 1,500 నుంచి 3,000 మధ్య, ఒక్కచోట నిలపకుండా ఎక్కిస్తూ దింపుతూ నడపండి. తర్వాత రెండు మూడు గంటలు 4,000 దాకా. ఆపైన కొంచెం కొంచెంగా 5,500కు, పదో గంటకు పూర్తి థ్రాటిల్‌కు వెళ్లండి.

నేల మీద నిలబెట్టి నడిపితే రేడియేటర్‌కు గాలి చాలదు. ఈ ఇంజిన్లో వేడిలో దాదాపు మూడో వంతు ఆయిల్ మోస్తుంది, రోటర్‌ను లోపలి నుంచి చల్లార్చేది అదే కాబట్టి ఆయిల్ ముల్లు నీటి ముల్లు కంటే ముఖ్యం. నీరు 95 డిగ్రీలు, ఆయిల్ 100 డిగ్రీలు, ఏది ముందు చేరినా ఆపేయండి. డిసెంబర్ పొద్దున పది నిమిషాలు దొరుకుతాయి. మే నెలలో నాకు నాలుగు కూడా దొరకలేదు. బేగంపేట రన్‌వే 531 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ 40 డిగ్రీల ఎండలో గాలి దాదాపు 5,000 అడుగుల ఎత్తులో ఉన్నంత పలచన. ఫుల్ థ్రాటిల్‌లో మీరు లెక్క వేసుకున్న ఆర్‌పీఎం రాలేదని వెంటనే ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) మార్చకండి, చలికాలం దాకా ఆగండి.

పది గంటల తర్వాత వేడి ఇంజిన్ మీద కంప్రెషన్ చూడండి. మామూలు గేజ్ మూడు ముఖాల్లో ఎక్కువ ఉన్నదాన్నే చూపిస్తుంది, దాని వాల్వు నొక్కి పట్టుకుని ముల్లు మూడుసార్లు ఎగరడం గమనించాలి. మాన్యువల్ లెక్కలో 250 ఆర్‌పీఎం దగ్గర మంచి ఇంజిన్‌కు చదరపు సెం.మీ.కు 8.5 కేజీ, కనీసం 6.0. ఒకే రోటర్ ముఖాల మధ్య తేడా 1.5 దాటకూడదు. ఆ అంకెలు సముద్ర మట్టానివి. మన ఎత్తులో గాలి ఆరు శాతం తక్కువ, కాబట్టి ఇక్కడ 8.0 వస్తే అక్కడి 8.5తో సమానం.

వచ్చే పాఠానికి ఆరు ముఖాల అంకెలూ, ఫుల్ థ్రాటిల్‌లో వచ్చిన ఆర్‌పీఎమ్మూ పుస్తకంలో రాసి ఉంచుకోండి. ప్రొపెల్లర్ వేగం తగ్గించే గేర్‌బాక్స్ నిష్పత్తి 2.17 తీసుకోవాలా, 2.85 తీసుకోవాలా అన్నది ఆ ఆర్‌పీఎం చూశాకే మాట్లాడుకుందాం.