ఎఫ్ఐఆర్ నుంచి ఎస్టిమేటు దాకా: ప్రమాదాల డేటాతో రాష్ట్ర రోడ్లను బాగుచేసుకోవడం

రోడ్డు ప్రమాదం కేసుల్లో ఏ ఎఫ్ఐఆర్ తీసినా ఒకటే వాక్యం కనిపిస్తుంది: ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి...’. అది కోర్టు కోసం రాసే మాట. సెక్షన్ నిలబడాలంటే తప్పు ఎవరో ఒకరి మీద ఉండాలి కదా! రోడ్డును బాగుచేయాల్సిన ఇంజనీరుకు మాత్రం ఆ వాక్యం వల్ల పూచికపుల్లంత ఉపయోగం లేదు. 2022లో దేశం మొత్తం మీద 1,68,491 మంది రోడ్లపై చనిపోతే, కేంద్ర నివేదిక నూటికి 71 మరణాలను అతివేగం ఖాతాలో వేసింది. అది చదివి ఏ కిలోమీటరు దగ్గర ఏం కట్టాలో చెప్పండి చూద్దాం. రోడ్లు భవనాల శాఖలో భద్రత పనులు చూసి రిటైరయిన నేను, ఆ సీట్లోకి కొత్తగా వచ్చేవాళ్లకు ముందుగా చెప్పేది ఇదే: ‘కారణం’ కాలమ్‌ను పక్కన పెట్టండి. ఎక్కడ, ఎప్పుడు, ఏది దేన్ని ఎటువైపు నుంచి గుద్దింది అన్నవి పట్టుకోండి.

మూడేళ్ల డేటా తీయండి. పోలీసులు ప్రమాదాల వివరాలు నమోదుచేసే కంప్యూటర్ వ్యవస్థలు, అంటే ఐఐటీ మద్రాస్ రూపొందించిన ఐరాడ్, దానికి కొనసాగింపుగా వచ్చిన ఈ-డార్ వల్ల ఇప్పుడిది సులువైంది. అయినా మూడు చోట్ల జాగ్రత్తపడాలి.

ఒకటి, సెక్షన్లు. 2024 జులై 1కి ముందు జరిగిన మరణాలు పాత శిక్షాస్మృతి ఐపీసీ 304-ఎ కింద, తర్వాతివి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 106 కింద ఉంటాయి. తీవ్ర గాయాలకు 338 పోయి 125(బి) వచ్చింది. ఒక్క నంబరుతోనే వెతికితే సగం కేసులు రావు. రెండు, స్థలం. ఘటనా స్థలంలో కాకుండా స్టేషన్‌లో కూర్చుని నమోదు చేస్తే మ్యాపులో చుక్క స్టేషన్ మీదే పడుతుంది. పోలీస్ స్టేషన్ ముందు గుంపుగా చుక్కలు కనిపిస్తే అనుమానించండి. పాత రికార్డులకూ ఇప్పటికీ జాతీయ రహదారుల నంబర్లూ మారాయి: ఒకప్పటి 5 నేటి 16, ఒకప్పటి 7 చాలావరకు నేటి 44, మన 9 నేటి 65. మూడు, మరణాలు. 30 రోజుల్లోపు చనిపోయినా ఆ ప్రమాదం ఖాతాలోకే రావాలి. పెద్దాసుపత్రిలో పదో రోజు ప్రాణం పోతే, స్టేషన్‌లో సెక్షన్ మార్పు మెమో వేసినా మన పట్టికలో ‘గాయం’గానే మిగిలిపోవచ్చు. ఆసుపత్రి రికార్డుతో సరిచూస్తే ఇవి దొరుకుతాయి, 108 అంబులెన్సు రికార్డుతో చూస్తే అసలు కేసే కాని ప్రమాదాలూ బయటపడతాయి.

ఇక బ్లాక్ స్పాట్లు, అంటే ప్రమాదాలు పదేపదే జరిగే చోట్లు. జాతీయ రహదారుల మీద సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణం లేదా తీవ్ర గాయాలున్న ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది చనిపోయినా అది బ్లాక్ స్పాట్. జాబితా చేయండి, చేయాల్సిందే. కానీ అక్కడితో ఆగితే సగం పనే. రాష్ట్ర రహదారుల మీదా జిల్లా రోడ్ల మీదా మరణాలు ఒక్కచోట కుప్పపడవు, చెదిరి ఉంటాయి. వాటిని పట్టుకోవాలంటే చోటును వదిలి ప్రమాదం రకాన్ని చూడాలి.

ఒక ఉదాహరణ. వరి పండే మండలాల కేసులను నెలల వారీగా విడదీయండి. కోతల కాలంలో, సాయంత్రం ఆరు దాటాక, బైకు మనిషి, ఎదుట వాహనమే లేదు. పంచనామా తెరిస్తే తెలుస్తుంది: రోడ్డుకు ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి, రాత్రికి నల్ల టార్పాలిన్ కప్పి, అంచున రాళ్లు పెట్టారు. హెడ్‌లైటు వెలుగులో నల్ల తారు మీద నల్ల పట్టా ఏం కనిపిస్తుంది! ఇది ఏ 500 మీటర్ల లెక్కకూ చిక్కదు, ప్రతిసారీ వేరే ఊళ్లో జరుగుతుంది. దీనికి మందు మన శాఖ దగ్గర లేదు. ఊరికి కల్లాలు కావాలి, అంటే ఉపాధి హామీ అధికారినీ వ్యవసాయ శాఖనూ కూర్చోబెట్టాలి. ‘అజాగ్రత్త’ అని రాసి మూసేస్తే ఈ సంగతి ఎన్నటికీ తేలేది కాదు.

మిగతా రకాలకు మందులు తెలిసినవే. ఆగిన లారీని వెనుక నుంచి గుద్దడం ఎక్కువైతే లారీలు ఆపుకునే చోట్లు, రాత్రి గస్తీ. ఊరి ముందు రాంగ్ రూటు ప్రమాదాలైతే సర్వీసు రోడ్డు. అది లేకుండా డివైడర్ కట్ మూసేస్తే జనం మరో చోట తవ్వుకుంటారు. పాదచారులైతే ముందు వేగం తగ్గించాలి.

ఏ రకానికి ఏ మందు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఖర్చు, ఎన్ని ప్రాణాలు అని ఒక పట్టిక వేసి ఖర్చుకు ఫలితం ఎక్కువున్నవి పైకి తెండి. రాష్ట్రం మొత్తానికి తెల్లగీతలు, రిఫ్లెక్టర్లు వేయడం ఒక ఫ్లైఓవర్ కన్నా ముందు వరుసలో నిలిచినా ఆశ్చర్యపోకండి. ప్రారంభోత్సవానికి రిబ్బను ఉండదు కాబట్టి అవి వెనకబడుతుంటాయి.

పని అయ్యాక మరుసటి ఏడాదే విజయం ప్రకటించవద్దు. బాగా చెడ్డ ఏడాది చూసి ఎంచుకున్న చోట తర్వాతి ఏడాది సంఖ్య ఎలాగూ కొంత తగ్గుతుంది. పని చేయని, అలాంటివే కొన్ని చోట్లను పక్కన పెట్టుకుని, మూడేళ్లకు మూడేళ్లు పోల్చండి. ఆ పోలికను కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఎజెండాలో మొదటి అంశంగా వేయించండి. చివర్లో వేస్తే టీ వచ్చేసరికి సగం మంది లేచిపోతారు.